అల్ట్రాసోనిక్ గబ్బిలాల యంత్రం: పండ్ల చెట్లకు పనికొస్తుందా?

సౌరశక్తితో పనిచేసే అల్ట్రాసోనిక్ (మనిషి చెవికి అందనంత ఎత్తు స్థాయి ధ్వని చేసే) నివారణ యంత్రాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ, విజయవాడ గవర్నర్‌పేట దుకాణాల్లోనూ సులభంగా దొరుకుతున్నాయి. ఎలుకలు, కుక్కలు, కోతులు, పక్షులు, గబ్బిలాలు అన్నింటినీ ఒకే పెట్టె తరిమేస్తుందని అట్ట మీద బొమ్మలతో సహా అచ్చువేస్తారు. అలాంటి యంత్రం ఒకటి తెచ్చి, గుంటూరు శివారులో అమరావతి రోడ్డు వైపున్న మా దొడ్డిలో జామ, సపోటా చెట్ల మధ్య పాతి, జామ కాపు మొదలైనప్పటి నుంచి చివరి కోత దాకా నడిపి చూశాను. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే నమూనా రకరకాల పేర్లతో అమ్ముడవుతోంది కాబట్టి ఒక దుకాణాన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. చిక్కంతా ఆ యంత్రం వెనుక ఉన్న ఆలోచనలోనే ఉంది.

ముందుగా వస్తువు సంగతి. అడుగున్నర ఎత్తున్న ప్లాస్టిక్ గుంజ, దాని పైన అరచేయంత సోలార్ పలక, ముందువైపు చిన్న స్పీకరు, కదలికను పసిగట్టే సెన్సారు, రెండు మెరుపు దీపాలు, వెనుక ఏ జంతువుకు ఏ ధ్వని అన్నది ఎంచుకునే మీట ఉంటాయి. ధర రెండు వేలకు కాస్త తక్కువ. తయారీలో వంక పెట్టడానికి ఏమీ లేదు: వానలో తడిసినా నీరు లోపలికి పోలేదు, పగలు ఎండ సరిగా తగిలితే బ్యాటరీ తెల్లవారేదాకా నిలిచింది, గుంజ నల్లరేగడిలో గట్టిగా నిలబడింది. సూచనల కాగితంలో తెలుగు లేదు, ఉన్న ఇంగ్లీషు కూడా తిన్నగా లేదు, అయినా బొమ్మలు చూసి బిగించుకోవచ్చు.

పని విషయానికి వస్తే, పెట్టిన కొత్తలో గబ్బిలాల రాక కొంత తగ్గినట్టు కనిపించిన మాట నిజం. అది ధ్వని మహిమ కాదని, దీపాలు ఉన్నట్టుండి మెరవడం వల్ల కలిగిన బెదురని కొద్ది రాత్రుల్లోనే తేలిపోయింది. ఎందుకంటే దీపాలు ఆపి ధ్వని ఒక్కటే నడిపినప్పుడు వాటి రాకపోకల్లో ఏ తేడా లేదు, తిరిగి దీపాలు వేసినప్పటికి అవి ఆ మెరుపుకు అలవాటు పడిపోయాయి. పైగా సెన్సారు చూపు నేలకు నడుమెత్తు దాకానే ఆనుతుంది, గబ్బిలమేమో కొమ్మ చివరన దిగుతుంది. ఆ కారణంగా యంత్రం రాత్రంతా మా వీధి పిల్లుల మీదా, తెల్లవారుజామున పాలు పోయడానికి వచ్చే మనిషి మీదా మాత్రమే శ్రద్ధగా మెరిసింది.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే చెట్టు మీదికి వస్తున్న జీవి ఏదో తెలియాలి. దుకాణంలో ఈ ప్రశ్న వేస్తే, "ఏ గబ్బిలమైనా ఒకటే సార్, వాటికి కళ్ళు కనపడవు, ధ్వనితోనే తిరుగుతాయి, ఇది ఆ ధ్వనిని చెడగొడుతుంది" అని జవాబు వచ్చింది. ఆ మాటలో సగం పురుగులు తినే గబ్బిలాలకు వర్తిస్తుంది, మిగతా సగం ఏ గబ్బిలానికీ వర్తించదు. కళ్ళు లేని గబ్బిలం అంటూ ఏదీ లేదు. సాయంత్రం వీధి దీపాల చుట్టూ గింగిరాలు తిరుగుతూ దోమలనూ పురుగులనూ పట్టే చిన్న గబ్బిలాలు మాత్రం మన చెవికి అందనంత ఎత్తు స్థాయిలో కూతలు వేసి, వాటి ప్రతిధ్వనిని బట్టి దారి, వేట తెలుసుకుంటాయి. మనిషి చెవికి సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకానే వినిపిస్తుంది. ఆ గబ్బిలాల కూతల్లో ఎక్కువ భాగం దానికి పైనే ఉంటుంది. యంత్రం తయారుచేసినవారు ఈ సూత్రాన్నే పట్టుకున్నారు.

మన జామ చెట్టుకు వచ్చేవి అవి కావు. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల్లో మాత్రమే ఉండే టీరోపోడిడే అనే కుటుంబానికి చెందిన సుమారు 200 జాతుల పండ్ల గబ్బిలాల్లో కొన్ని మన ప్రాంతంలో ఉన్నాయి, మా దొడ్డికి వచ్చేవి వాటిలో రెండు రకాలు. ఒకటి పగలు పెద్ద మర్రి, రావి, చింత చెట్ల మీద వందల సంఖ్యలో తలకిందులుగా వేలాడుతూ, పొద్దుగూకగానే గుంపుగా లేచి పోయే పెద్ద గబ్బిలం, శాస్త్రీయంగా టీరోపస్ మీడియస్. రెక్కలు చాపితే 4 అడుగులు దాటుతుంది, బాగా ఎదిగినది కిలోకు పైగా తూగుతుంది. రెండోది సైనాప్టెరస్ స్ఫింక్స్ అనే పొట్టిముక్కు గబ్బిలం; సుమారు 50 గ్రాముల లోపు బరువుతో, పిడికిట్లో ఇమిడిపోయేటంత ఉంటుంది. ఈ రెండూ దారి వెతుక్కోవడానికి ప్రతిధ్వనిని నమ్ముకోవు. మసక వెలుతురులో బాగా కనిపించే పెద్ద కళ్ళు, పండిన పండు వాసనను దూరం నుంచే పట్టే ముక్కు వాటి సాధనాలు. ముఖం చూస్తేనే తేడా తెలిసిపోతుంది: పురుగులు తినే గబ్బిలానికి చెవులు పెద్దవి, మడతలతో ఉంటాయి, కళ్ళు ఆవగింజలంతే, పండ్ల గబ్బిలానికి చెవులు చిన్నవి, సాదావి, కళ్ళు మాత్రం దోరగా పండిన నేరేడు పండులా మెరుస్తుంటాయి.

ఈ కుటుంబంలో నోటితో ప్రతిధ్వనిని వాడుకునేది రూసెట్టస్ ప్రజాతి ఒక్కటే. పాడుబడిన బావుల్లో, గుహల్లో, పాత కట్టడాల చీకటి గదుల్లో పగలు గడిపే ఆ గబ్బిలాలు నాలుకతో టకటకమని చప్పుడు చేసి చీకట్లో గోడలను తప్పించుకుంటాయి. అంటే అక్కడ కూడా ఆ విద్య ముఖ్యంగా కటిక చీకట్లో తిరగడానికే పనికొస్తోంది. అమెరికా ఖండంలో పండ్లు తినే గబ్బిలాలు వేరే ఉన్నాయి. వాటి వంశం వేరు, అవి ముక్కు మీదున్న ఆకులాంటి తోలు మడత గుండా అల్ట్రాసోనిక్ కూతలను పంపుతాయి. ఈ యంత్రాన్ని ఎవరు ఎక్కడ ఆలోచించి చేశారో గానీ, గబ్బిలాలన్నింటినీ ఒకే గాట కట్టేశారన్నది మాత్రం స్పష్టం.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పండ్ల గబ్బిలాలకు అల్ట్రాసోనిక్ ధ్వని బొత్తిగా వినపడదని కాదు. వాటి వినికిడి మనకంటే పై స్థాయిల దాకా వెళుతుంది, కాబట్టి యంత్రం చేసే గోల కొంత వాటి చెవిన పడే ఉంటుంది. అయితే వినపడటం వేరు, దారి తప్పడం వేరు. ఆ ధ్వనిని ఆధారం చేసుకుని తిరగని జీవికి అది లారీ హారను లాంటి రోద మాత్రమే, దాని వెంట ఏ ప్రమాదమూ రాదని తెలిశాక పట్టించుకోదు. దీనికి తోడు అల్ట్రాసోనిక్ ధ్వని గాలిలో కొద్ది దూరం పోగానే బలహీనపడుతుంది, ఆకులు అడ్డొస్తే మరీ. అట్ట మీద రాసిన "అర ఎకరం రక్షణ" అనే మాటను ఈ కారణంగానే నేను లెక్కలోకి తీసుకోలేదు. గుబురు జామ చెట్టు ఒక్కదానికి అవతలి వైపు కూడా అది చేరుతుందని నమ్మకం లేదు.

యంత్రం పనికిరాలేదన్న చిరాకు ఉన్నా, దాన్ని పరీక్షించే నెపంతో రాత్రిళ్ళు దొడ్లో కూర్చోవడం వల్ల ఆ జీవి తిండి తినే తీరు దగ్గరగా చూడగలిగాను. టార్చి ముందు ఎర్ర కాగితం చుట్టుకుంటే అవి అంతగా బెదరవు. పొట్టిముక్కు గబ్బిలం చెట్టు చుట్టూ ఒకటి రెండు చుట్లు కొట్టి, పండిన కాయ దగ్గర క్షణం సేపు రెక్కలాడించి, కరిచి, మెలిపెట్టి తుంచుకుని వెళ్ళిపోతుంది. ఆ చెట్టు మీదే కూర్చుని తినదు. గుడ్లగూబ లాంటి శత్రువులు కాయ ఉన్న చెట్టు దగ్గరే కాపు కాస్తాయి కాబట్టి, తోటి గబ్బిలాల పోటీ కూడా అక్కడే ఎక్కువ కాబట్టి, కాస్త దూరంలో తనకు అలవాటైన మరో చెట్టుకు తీసుకుపోతుంది. మా వీధిలో అది ప్రహరీ పక్కన వరుసగా నిలబడ్డ అశోక చెట్లలో ఒకటి. అక్కడ ఒక కాలితో వేలాడుతూ, రెండో కాలితోనూ బొటనవేలి గోటితోనూ కాయను రొమ్ముకు అదిమి పట్టుకుని కొరుకుతుంది. పండ్ల గబ్బిలాల్లో చాలావాటికి బొటనవేలికే కాక రెండో వేలికి కూడా గోరుంటుంది, కొమ్మల్లో పాకడానికీ కాయను సర్దుకోవడానికీ రెండూ అక్కరకొస్తాయి.

కొరికిన గుజ్జును అది మింగెయ్యదు. అంగిట్లో అడ్డంగా గట్లు గట్లుగా ఉన్న భాగానికి నాలుకతో అదిమి, రసం పిండుకుని మింగి, పిప్పిని ఉండగా ఉమ్మేస్తుంది. పొద్దున్నే పక్కింటి పిన్నిగారి అరుగు మీద దొరికే ఆ ఉండలను ఎండకముందు చేతికి తొడుగు వేసుకుని పరిశీలిస్తే, బిళ్ళలా అణిగి, ఒకవైపు అంగిటి గట్ల గుర్తులు వంపు గీతలుగా కనిపిస్తాయి. జామ పిప్పిలో గింజలుంటాయి. సపోటా పిప్పి గోధుమ రంగులో పొడిపొడిగా ఉంటుంది. అప్పుడప్పుడు ఆకుపచ్చవి కూడా కనిపిస్తాయి, అవి ఆకుల పిప్పి. పండులో చక్కెర, నీరు పుష్కలంగా ఉన్నా మాంసకృత్తులు చాలా తక్కువ కాబట్టి, ఆ లోటు పూడ్చుకోవడానికి ఈ గబ్బిలాలు రావి వంటి చెట్ల ఆకులను నమిలి రసం మాత్రం తీసుకుంటాయి. ఎగిరే జీవికి బరువే బరువు గనక పీచును కడుపులో మోయకుండా ఉమ్మేయడం, మింగిన రసాన్ని అరగంట అటూ ఇటూగా బయటికి పంపేయడం దాని శరీరానికి కుదిరిన ఏర్పాటు. అందుకే ఒక్క రాత్రిలో దాదాపు తన బరువంత పండు తినగలదు, అందుకే ఎంత తిన్నా దానికి చాలదు, అందుకే మన అరుగు అంత పాడవుతుంది.

పిన్నిగారి ఫిర్యాదు అరుగు గురించి మాత్రమే కాదు. బాదం కాయలు రాత్రిళ్ళు రేకుల కప్పు మీద టపటపా పడుతున్నాయని కూడా. మా సందులో బాదం చెట్టు లేదు. అవి రెండు వీధుల అవతల నుంచి గబ్బిలాలు మోసుకొచ్చి, పై కండ తినేసి వదిలేసినవి. బాదం, నేరేడు, ఇప్ప వంటి పెద్ద గింజల చెట్లు ఈ విధంగానే తల్లి చెట్టుకు దూరంగా మొలకెత్తుతాయి. మర్రి, రావి, సింగపూర్ చెర్రీల సన్న గింజలు రసంతో పాటు కడుపులోకి పోయి, ఎగురుతూ వేసే రెట్టలో దూరాన పడతాయి. పాత ఇళ్ళ పిట్టగోడల్లో మొలిచే రావి మొక్కల్లో కాకులకు ఎంత వాటా ఉందో వీటికీ అంత ఉంటుంది. ఆ మొక్క వేళ్ళు గోడను చీల్చడం ఇంటి యజమానికి నష్టమే, దాన్ని కాదనను.

పూల విషయంలో నష్టం మాట లేదు. తెల్లబూరుగ పూలు రాత్రి విచ్చుకుంటాయి, పాలిపోయిన రంగులో ఉంటాయి, కాస్త ముక్కిన వాసన వేస్తాయి, మకరందం ధారాళంగా ఇస్తాయి. ఇవన్నీ తేనెటీగ కోసం చేసుకున్న ఏర్పాట్లు కావు. గబ్బిలం మూతి పెట్టి మకరందం నాకుతుంటే మెడ బొచ్చుకు పుప్పొడి అంటుకుని మరో చెట్టుకు చేరుతుంది. ఇప్ప పూలనూ అవి ఇష్టంగా తింటాయి, అరటి పువ్వు దగ్గరా వాలతాయి. పెద్ద గబ్బిలం ఒక రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరుగుతుంది, కాబట్టి కృష్ణ ఈ ఒడ్డు చెట్ల పుప్పొడి ఆ ఒడ్డుకు చేరడం దానికి పెద్ద పని కాదు.

ఇంత చేసినా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్ల గబ్బిలాలు చాలాకాలం ఎలుకలు, కాకులతో పాటు హానికర జీవుల జాబితాలో ఉన్నాయి, అంటే చంపినా అడిగేవారు లేరు. 2022లో చేసిన సవరణతో ఆ జాబితానే తీసేశారు. ఏడాదికి ఒక్క పిల్లనే కనే పెద్ద గబ్బిలం లాంటి జంతువును కాల్చుకుంటూ పోతే గుంపు తిరిగి కోలుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఊహించవచ్చు. మన ఎండలు కూడా వాటికి తక్కువ శత్రువేమీ కాదు. ఆస్ట్రేలియాలో 2002 జనవరిలో ఒక్క రోజు ఎండ 42 డిగ్రీలు దాటినప్పుడు ఇదే ప్రజాతికి చెందిన గబ్బిలాలు 3,500కు పైగా చనిపోయాయి. రెంటచింతల వైపు మే నెల ఎండ తెలిసినవారికి ఆ అంకె ఏం చెబుతుందో వివరించనక్కర్లేదు. మధ్యాహ్నం చెట్టు మీద అవి రెక్కలతో విసురుకుంటూ, ఒళ్ళు నాకి తడుపుకుంటూ కనిపించేది చల్లబడటానికే. ఆ సమయంలో టపాసులు కాల్చి గుంపును లేపడం వాటిని చంపడంతో సమానం, చెట్టు కింద రైతుకు దానివల్ల దక్కేదీ ఏమీ లేదు.

మరి కాయ దక్కించుకోవడం ఎలా? యంత్రాన్ని మూలన పెట్టాక నేను గుంటూరులోని ఒక వ్యవసాయ పరికరాల దుకాణంలో వల కొన్నాను, ఈ సమీక్షలో మనస్ఫూర్తిగా సిఫారసు చేయదగిన వస్తువు అదే. అయితే ఏ వల పడితే ఆ వల కాదు. చౌకగా దొరికే సన్నని నైలాన్ చేపల వల తరహాది, పెద్ద కళ్ళతో చెట్టు మీద వదులుగా కప్పేది, అసలు కొనకూడదు. గబ్బిలం రెక్క అందులో చిక్కుకుంటే తెల్లవారేలోపు తనను తాను చీల్చుకుంటుంది, పాములు, పక్షులు కూడా చిక్కుతాయి. వల కన్నులో చిటికెన వేలు దూరకూడదన్నది మంచి కొలత. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఇళ్ళ పండ్ల చెట్ల మీద వేసే వల పూర్తిగా లాగినా కన్ను 5 మిల్లీమీటర్లు మించకూడదని 2021 సెప్టెంబరు నుంచి నిబంధనే పెట్టారు. రంగు తెలుపైతే రాత్రి వాటికి కనిపిస్తుంది. వెదురు గుంజలు నాలుగు పాతి, వలను మంచం నవారులా బిగుతుగా లాగి, అడుగున చెట్టు మొదలు దగ్గర కట్టేయాలి. పండు వలకు ఆనితే పైనుంచే కొరుకుతాయి గనక మధ్యలో ఖాళీ ఉండాలి. దుకాణంవారు మీటరు లెక్కన కోసి ఇచ్చారు, కోసిన అంచుకు తాడు కూడా కుట్టి ఇచ్చారు. ఒకే ఇబ్బంది: జామ పూత సమయంలో వల తీసేయాలి, లేకపోతే తేనెటీగలకూ దారి ఉండదు.

పెద్ద చెట్లకు వల సాధ్యం కాదు, అవసరమూ లేదు. సపోటా, మామిడి, సీతాఫలం కోసిన తరువాత కూడా పండే కాయలు. సపోటా తొక్క మీది గరుకు పొట్టు రాలి నున్నగా అయ్యాక, సీతాఫలం కళ్ళు విచ్చుకున్నాక, మామిడి భుజాలు నిండాక కోసేస్తే చెట్టు మీద గబ్బిలానికి వాసన వచ్చే స్థితికే కాయ చేరదు. విజయవాడ దగ్గర నున్న ఊళ్ళోని మామిడి మార్కెట్‌కు కాయ పంపే రైతులు చేసేదీ ఇదే, వాళ్ళెవరికీ మెరుపు దీపాలు అక్కర్లేదు. నష్టమంతా ఎక్కువగా చెట్టునే పండనిద్దామనుకునే మాలాంటి ఇంటి దొడ్ల వాళ్ళకే. తలుచుకున్న నాలుగు కాయలకు పల్చటి గుడ్డ సంచులు కట్టుకుంటే చెట్టునే పండిన జామకాయ రుచి కూడా దక్కుతుంది.

గబ్బిలం కొరికిన కాయను మాత్రం, కోసి బాగున్న ముక్క తినడం లాంటివి చేయకూడదు. నిఫా వైరస్‌కు పెద్ద గబ్బిలాలు సహజ ఆశ్రయం. 2018లో కోజికోడ్‌లో అది ప్రాణాలు తీసింది, బంగ్లాదేశ్‌లో పచ్చి ఖర్జూరపు నీరా ద్వారా మనుషులకు సోకింది. గబ్బిలం కుండలోకి మూతి పెట్టే అవకాశం ఉన్నచోట కల్లు, నీరా విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కింద పడ్డ గబ్బిలాన్ని చేత్తో తాకకుండా అటవీ శాఖవారికి చెప్పాలి.

యంత్రాన్ని వెనక్కి తీసుకోమని అడిగితే, గడువు ముగిసిందని అమ్మినవారు నిరాకరించారు. రసీదు వెనుక ఏడు రోజులని సన్నటి అక్షరాల్లో ఉన్న మాట నిజమే, కానీ కాపు కాలమంతా వాడితే గానీ ఫలితం తెలియని వస్తువుకు ఏడు రోజుల గడువు పెట్టడం న్యాయం అనిపించుకోదు. కొనదలచినవారు ఆ షరతును ముందే మాట్లాడుకోవడం మంచిది. గబ్బిలాల నివారణకు ఈ యంత్రానికి నేనిచ్చేది ఐదింట ఒకటి. ఇప్పుడు దాన్ని గేటు పక్కన పాతాను, ధ్వని మీట ఆపేసి దీపాలు మాత్రం ఉంచాను, చీకట్లో బండి దిగేవారికి దారి చూపిస్తోంది. ఆ పనికైతే మూడున్నర ఇవ్వవచ్చు. వలకు నాలుగు, తేనెటీగల కోసం తీసి మళ్ళీ కట్టే శ్రమకు ఒకటి తగ్గించాను.